బడిలో చట్టం ఎందుకు చదవాలి?

(పళవేర్కాడులో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను పిలుస్తూ "పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పండి" అన్నారు. మంచి మాటలు చెప్పడానికి ఈ వేదిక మీద నాకంటే అర్హులు ఉన్నారు. నేను పొన్నేరి కోర్టులో ముప్పై ఏళ్లకు పైగా వకీలు పని చేసుకుంటున్నవాణ్ణి. నాకు తెలిసిన సంగతే మాట్లాడతాను. అది చట్టం. దాన్ని బడిలోనే ఒక పాఠంగా చదవడం గురించి.

ఇందాక కూర్చున్నప్పుడు ఈ ఏటి దరఖాస్తులు తిరగేశాను. ఇంజనీరింగు ఉంది, నర్సింగు ఉంది, పాలిటెక్నిక్, బి.కాం., బి.ఎస్సీ. ఉన్నాయి. లా ఒక్కటీ లేదు. ఫారంలో దానికి గడి కూడా లేదు, ఎవరైనా చదవాలనుకుంటే 'ఇతరములు' అన్న చోట రాసుకోవాలి. ట్రస్టు వారిని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. అడిగినవారు లేరు కాబట్టి గడి లేదు, అంతే.

అందర్నీ వకీళ్లు కమ్మని నేను అనను. కోర్టు ఆవరణలో ఇప్పటికే మా బల్లలకు చోటు చాలడం లేదు! లెక్కలు చదివినవారందరూ గణిత శాస్త్రవేత్తలు కావడం లేదు గదా. అయినా లెక్కలు రాని మనిషిని అంగడివాడు సుళువుగా మోసం చేస్తాడని మనకు తెలుసు. చట్టం సంగతీ అలాంటిదే.

పిల్లలూ, చట్టం అంటే మీకు తెలియని కొత్త విద్య అనుకోకండి. మన చెరువు ఒడ్డున పుట్టిన ప్రతి బిడ్డకూ పాడు పద్ధతి తెలుసు. చెరువులో రొయ్య బాగా పడే చోట్లు కొన్నే. వల వేయాలనుకునేవారు చాలామంది. అందుకని ఏ ఊరికి ఏ వంతు, ఆ ఊళ్లో మళ్లీ ఎవరికి ఏ చోటు అని పెద్దలు కూర్చుని తేలుస్తారు. జాబితాలో పేరు ఉన్నవాడికే వంతు. కట్టు తప్పినవాడు ఊరికి జవాబు చెప్పుకోవాలి. కోట్టైకుప్పం, ఆండికుప్పం, నడూరు మాదాకుప్పం వారిని అడిగితే దీని లోతుపాతులు నాకంటే బాగా చెబుతారు. హక్కు ఎవరిది, దాన్ని ఎవరు ఇచ్చారు, ఎంతకాలం ఉంటుంది, మీరితే ఏమవుతుంది, తగువు వస్తే ఎవరి ముందు చెప్పుకోవాలి? లా కాలేజీలో మొదటి ఏడాది నేర్పేది ఈ ప్రశ్నలే.

ఇది నేను పోలిక కోసం అల్లిన మాట కాదు. భారత రాజ్యాంగం 13వ అధికరణం తీసి చూడండి. 'చట్టం' అనే మాటకు అక్కడ ఇచ్చిన అర్థంలో చట్టబలం ఉన్న ఆచారమూ, వాడుకా కూడా చేరి ఉన్నాయి. ఆ అధికరణమే ఇంకో మాట కూడా అంటుంది. ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టం, అంత మేరకు చెల్లదు. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి పాడు గురించి ఆలోచించండి. తరతరాలుగా వస్తున్న కట్టుబాటు వల్లే చెరువులో కొట్లాటలు తగ్గి, అందరికీ ఇంత కూడు దొరికిందని ఒకరు అంటారు. జాబితాలో మా తాతల పేర్లు లేవు కాబట్టి నేను ఇదే చెరువు మీద బతుకుతున్నా ఎప్పటికీ బయటివాణ్ణేనా, 14వ అధికరణం చెప్పే సమానత్వం నాకు లేదా అని మరొకరు అడుగుతారు. ఇద్దరి మాటలోనూ బలం ఉంది. ఈ తగువుకు నేను ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. కానీ పదకొండో తరగతి పిల్లలు ఇద్దరు లేచి, ఒకరు ఈ పక్షం, ఒకరు ఆ పక్షం వాదించి, మరుసటి వారం పక్షాలు మార్చుకుని మళ్లీ వాదిస్తే ఎలా ఉంటుంది? ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పగలగడం ఆ చదువులో దొరికే మొదటి లాభం. మన ఊళ్ల మధ్య, రెండు రాష్ట్రాల జాలర్ల మధ్య ఈ చెరువు మీద ఎన్ని తగువులు నడిచాయో పెద్దలకు తెలుసు కాబట్టి దాని విలువ వారికి నేను చెప్పనక్కర్లేదు.

సీబీఎస్ఈ బడుల్లో ప్లస్ వన్, ప్లస్ టూలకు 'లీగల్ స్టడీస్' అని ఒక ఐచ్ఛిక పాఠ్యాంశం ఉంది. మన పిల్లల్లో ఎక్కువమంది చదివేది రాష్ట్ర బోర్డులో. అక్కడ పదో తరగతి దాకా సాంఘిక శాస్త్రంలో పౌరశాస్త్రం వస్తుంది, ఆ తరువాత రాజనీతి శాస్త్రం ఎంచుకున్నవారు కొంత చదువుతారు. ఆ పాఠాల్ని మనం ఎలా చదువుతాం? లోక్‌సభ సభ్యుల సంఖ్య ఎంత, రాష్ట్రపతి కావడానికి కనీస వయసు ఎంత అని బట్టీ పట్టి, పరీక్ష రాసి, మరిచిపోతాం. రాష్ట్రపతి కావడానికి ముప్పై అయిదేళ్లు నిండాలని తెలిసిన పిల్లవాడికి, ఇంటికి వచ్చిన నోటీసుకు ఎన్ని రోజుల్లో జవాబు ఇవ్వాలో వెతకడం తెలియదు. నా బాధ అదీ.

చట్టం చదవడమంటే ఏమిటో ఒక తీర్పు ఎత్తి చూపుతాను. ఇది మన చెరువు తీర్పే. 1990ల మొదట్లో తీరం పొడుగునా రొయ్యల చెరువులు ఎలా పుట్టుకొచ్చాయో ఇక్కడి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఎస్. జగన్నాథన్ అనే సర్వోదయ నాయకుడు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆయన వకీలు కారు. గాంధేయవాది, భూమి లేని పేదల కోసం జీవితమంతా పనిచేసిన మనిషి. 1994లో వేసిన ఆ వ్యాజ్యం మీద 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్‌దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ తీర్పు చెప్పారు. తీరప్రాంత నియంత్రణ మండలిలో రొయ్యల చెరువులు తవ్వకూడదన్నారు. అంతటితో ఆగలేదు. చిలకా సరస్సుకూ, మన పులికాటు సరస్సుకూ వెయ్యి మీటర్ల లోపల కూడా కూడదన్నారు. సంప్రదాయ పద్ధతిలో చేసేవారిని మాత్రం మినహాయించారు. దేశంలోని అత్యున్నత న్యాయస్థానం మన చెరువు పేరు పెట్టి, మీటర్ల లెక్కతో ఆదేశం ఇచ్చింది. ఈ సభలో ఉన్న పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? చేతులెత్తమని అడగను, ఇబ్బంది పెట్టడం నా ఉద్దేశం కాదు.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. తీరంలో రొయ్యల సాగును అనుమతులతో నడిపించడానికి ఒక సంస్థను పెట్టింది. తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లోని నిషేధం ఈ సాగుకు వర్తించదని, 1991 నాటి నుంచే వర్తించనట్టుగా, ఆ చట్టంలోనే రాసింది. అంటే తీర్పు చెప్పేది కోర్టు, చట్టం చేసేది శాసనసభలు. తీర్పుకు ఆధారమైన నిబంధననే చట్టం మార్చితే ఆ తీర్పు పునాది కదులుతుంది. "సుప్రీంకోర్టే చెప్పింది, ఇంకేం భయం లేదు" అని 1996లో ఇంటికెళ్లి పడుకున్నవారికి 2005 సంగతి తెలిసి ఉండదు. పత్రికలో ఒక్క వార్త చదివితే సగం కథే తెలుస్తుంది. తేదీలు వరసగా పేర్చుకుని, ఏ చట్టం ఏ తీర్పు తరువాత వచ్చిందో చూసే అలవాటు చిన్నప్పుడే రావాలి.

పక్కనే ఉన్న కాట్టుపల్లి ఓడరేవు విస్తరణ సంగతి అందరూ మాట్లాడుకున్నదే. దాని మీద ప్రజాభిప్రాయ సేకరణ 2021 జనవరి 22న జరగాల్సింది, వాయిదా పడింది. 2023 సెప్టెంబరు 5కు పెట్టారు, అదీ వాయిదా పడింది. విస్తరణ మంచిదా చెడ్డదా అన్నది నేను ఈ వేదిక మీద తేల్చను. ఉద్యోగాలు వస్తాయనేవారూ, చెరువు ముఖం పూడిపోతుందని భయపడేవారూ ఇద్దరూ ఈ సభలోనే ఉన్నారు. నేను చెప్పేది వేరే. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం ఇలాంటి సభకు కనీసం ముప్పై రోజుల ముందు పత్రికల్లో తెలియజేయాలి. నివేదిక సారాంశాన్ని ఇంగ్లీషులోనూ, స్థానిక భాషలోనూ అందుబాటులో ఉంచాలి. సభకు వెళ్లలేనివారు రాతపూర్వకంగా కూడా అభిప్రాయం పంపవచ్చు. ఆ ముప్పై రోజుల్లో ఆ సారాంశాన్ని తెచ్చి, ఇంట్లో పెద్దలకు చదివి వినిపించి, మన ఊరికి సంబంధించిన పేజీ ఏదో గుర్తుపట్టగల పిల్ల వీధికి ఒక్కతి ఉంటే చాలు. సభలో అరిచేవాడి మాట గాలికి పోతుంది. "ఫలానా పేజీలో ఇలా రాశారు, మా ఊళ్లో ఇది ఇలా లేదు" అని రాసిచ్చిన కాగితం మాత్రం దస్త్రంలో ఉంటుంది.

ఇక ఇంటి సంగతికి వస్తాను. ఇది చెప్పడం కష్టమే అయినా చెప్పాలి. ఊరూ పేరూ చెప్పను. సముద్రంలో పడవ బోల్తాపడి ఇద్దరు తిరిగొచ్చారు, ఒకరు రాలేదు. శవం దొరకలేదు. భార్య పోలీసు ఫిర్యాదు ఇవ్వలేదు. ఎందుకమ్మా అని తరువాత నేను అడిగితే, "ఇస్తే ఆయన పోయాడని నేనే రాసిచ్చినట్టవుతుందని మా అత్త ఏడ్చింది, సామీ" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ ఇంట్లో ఎవరున్నా అదే చేసి ఉంటారేమో. అయిదేళ్ల తరువాత బ్యాంకులో డబ్బు కోసం, ఇంటి పట్టా పేరు మార్పు కోసం, వితంతు పింఛను కోసం తిరిగితే ప్రతి కిటికీ దగ్గరా ఒకే ప్రశ్న. మరణ ధ్రువపత్రం ఏది?

ఒక మనిషి బతికి ఉంటే ఎవరికి కబురు తెలిసి ఉండాలో, వారికి ఏడేళ్లుగా ఏ కబురూ లేకపోతే, చనిపోయినట్టు భావించవచ్చని మన సాక్ష్య చట్టం చెబుతుంది. 1872 నాటి చట్టంలో ఉన్న ఈ నియమం 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ అలాగే ఉంది. ఏడేళ్ల కంటే ముందే చెప్పాలంటే సాక్ష్యం చూపించి రుజువు చేసుకోవాలి. అసలు ఆ ఏడేళ్లు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి? ఆయన పోయిన రోజును చూపే కాగితం ఒక్కటీ లేదు. తిరిగొచ్చిన ఇద్దరిలో ఒకరు కన్నుమూశారు, ఇంకొకరు కేరళకు పనికి పోయారు. ఆ వారంలోనే స్టేషన్‌లో సమాచారం ఇచ్చి ఉంటే, ఆ ఇద్దరి మాటలూ రాయించి ఉంటే, తేదీకి సాక్ష్యం, సంఘటనకు సాక్ష్యం రెండూ ఉండేవి. సమాచారం ఇచ్చినవారికి నమోదైన దాని నకలు ఉచితంగా ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. కోర్టు ద్వారా ఆమెకు కావలసింది చివరికి దక్కింది గానీ, అప్పటికి పెద్దమ్మాయి చదువు మానేసి గుమ్మిడిపూండిలో కంపెనీ పనికి చేరిపోయింది. తండ్రి పోయినప్పుడు ఆ పిల్ల తొమ్మిదో తరగతి. చదువులో చురుకైనదే. మూడు మార్కుల ప్రశ్నగానైనా ఈ సంగతి ఆమె పుస్తకంలో ఎక్కడా లేదు. సముద్రం మీద బతికే ఊళ్లలో ఇంతకంటే అవసరమైన పాఠం ఏముంటుంది?

భాష గురించి కూడా ఒక మాట. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. 1959లో పార్లమెంటు చేసిన సరిహద్దుల మార్పు చట్టంతో అది ఇటు వచ్చింది, సత్యవేడు ప్రాంతం అటు పోయింది. ఇళ్లు కదల్లేదు, మనుషులు కదల్లేదు, గీత కదిలింది. మన ఇంటి మాట తెలుగు, కచేరీ మాట తమిళం, పైకోర్టు మాట ఇంగ్లీషు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక భాషా అల్పసంఖ్యాకుల పిల్లల పదో తరగతి పరీక్ష ఏమవుతుందోనని ఎందరు తల్లిదండ్రులు కంగారుపడ్డారో నాకు తెలుసు. ఆ విషయం హైకోర్టుకూ, సుప్రీంకోర్టుకూ వెళ్లింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తమిళం పరీక్ష మినహాయింపును ఆ ఏడాదికి పొడిగించింది.

తెలుగులో అర్జీ రాస్తే తీసుకుంటారా అని నన్ను చాలామంది అడుగుతారు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, కష్టం చెప్పుకునే విజ్ఞాపనను కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఆయా అధికారులకు ఇవ్వవచ్చు. కానీ 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగే కాగితం మాత్రం ఇంగ్లీషులో, హిందీలో లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలి. ఇక్కడ అది తమిళం. ఒక కాగితానికి ఒక నియమం, ఇంకో కాగితానికి ఇంకో నియమం. కాబట్టి తెలుగు మీద అభిమానంతో తమిళాన్ని నిర్లక్ష్యం చేయకండి. తమిళం రాని తెలుగువాడు తన హక్కును పక్కింటివాడి చేత చదివించుకోవాల్సి వస్తుంది.

తల్లిదండ్రుల అనుమానాలు నాకు తెలుసు. "లా చదివితే కూడు పెడుతుందా? అందులోనూ ఆడపిల్ల కోర్టుకా?" అంటారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఆ పెళ్లిని కాదనుకుని, జైలుకు వెళ్లి వచ్చి, ఆ తరువాత పట్టుబట్టి చదువుకున్నారు. 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకుని అక్కడే ప్రాక్టీసు చేశారు. రాజ్యాంగ సభలో కూర్చున్న పదిహేనుమంది స్త్రీలలో ఆమె ఒకరు. ఇక మనకు ఉత్తరాన, అప్పటి నెల్లూరు జిల్లాలో, పూదూరు అనే పల్లెలో ఒక గుడి పూజారి కొడుకు అల్లాడి కృష్ణస్వామి అయ్యరు. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యులయ్యారు. పెద్ద ఇళ్లలో పుట్టినవారికే ఈ చదువు అనుకోవడానికి ఆధారం లేదు.

డబ్బు సంగతి కూడా చెబుతాను, అది అడగడానికి మొహమాటపడతారు. చెన్నై హైకోర్టు పక్కన ఉండే ప్రభుత్వ లా కాలేజీ 2018లో అక్కడి నుంచి రెండు చోట్లకు తరలింది. వాటిలో ఒకటి మన తిరువళ్లూరు జిల్లాలోనే, పట్టరైపెరుంబుదూరులో ఉంది. ప్లస్ టూలో ఏ గ్రూపు చదివినా అయిదేళ్ల కోర్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, డిగ్రీ అయినవారికి మూడేళ్ల కోర్సు. ప్రభుత్వ కాలేజీల్లో అయిదేళ్ల కోర్సుకు ప్లస్ టూ మార్కులే చూస్తారు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు మాత్రం క్లాట్ పరీక్ష రాయాలి. చదువయ్యాక బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవడానికి వేలకు వేలు కట్టాల్సి వచ్చేది. 2024 జూలై 30న సుప్రీంకోర్టు, చట్టంలో ఉన్న దానికి మించి వసూలు చేయకూడదని చెప్పింది. అది 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు. ఈ తీర్పు కూడా ఎవరో చట్టాన్ని తెరిచి, "ఇందులో రాసింది ఇంతే గదా" అని అడిగినందువల్లే వచ్చింది.

వకీలును పెట్టుకోలేనివారికి 1987 నాటి న్యాయసేవల చట్టం ఉంది. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. ఈ నంబరు ఇంటి గోడ మీద రాసిపెట్టుకోండి, క్యాలెండరు మీద రాస్తే జనవరిలో పారేస్తారు.

ట్రస్టు వారికి నా మనవి రెండే. వచ్చే ఏటి ఫారంలో లా చదువుకు కూడా ఒక గడి పెట్టండి. రెండోది, ప్లస్ వన్‌లో రాజనీతి శాస్త్రం ఉన్న గ్రూపు తీసుకున్న పిల్లలకు, సైన్సు గ్రూపు పిల్లలతో సమానంగా ఉపకార వేతనం ఇవ్వండి. మార్కులు తక్కువ వచ్చినవాళ్లే ఆ గ్రూపుకు పోతారన్న మాట మన ఇళ్లలో నుంచి ముందు పోవాలి. ఇక్కడే ఈ వరసలో కూర్చున్న ఒక అమ్మాయి ఆ గ్రూపే కావాలని ఇంట్లో పోరుతోందని, వాళ్ల నాన్న ఒప్పుకోవడం లేదని ఇందాకే తెలిసింది. అయ్యా, మీరు నన్ను సభ అయ్యాక ఒకసారి కలవండి. వాదన పెట్టుకోను, మాట్లాడుకుందాం.

బోర్డు కొత్త పాఠ్యాంశం పెట్టేదాకా మనం కాచుకుని ఉండనక్కర్లేదు. కార్యదర్శి గారు ఒప్పుకున్నారు కాబట్టి నెలకు ఒక ఆదివారం ఈ హాలులోనే తొమ్మిది నుంచి ప్లస్ టూ దాకా చదివే పిల్లలకు రెండు గంటలు నేను పాఠం చెబుతాను. రుసుము లేదు. రాజ్యాంగానికి తెలుగు అనువాదం ఉంది, ఒక ప్రతి తెచ్చి ఇక్కడ ఉంచుతాను. మొదటి రోజు ప్రతి ఒక్కరూ ఇంట్లో నుంచి ఒక కాగితం తీసుకురండి. పట్టా కావచ్చు, చిట్టా కావచ్చు, బ్యాంకు అప్పు పత్రం, పడవ రిజిస్ట్రేషను, కరెంటు బిల్లు, ఏదైనా సరే. అది ఎవరిచ్చారు, ఏ చట్టం కింద ఇచ్చారు, దాని వెనకవైపు చిన్న అక్షరాల్లో ఏముందో కలిసి చదువుదాం. అసలు కాగితం తేవద్దు, జెరాక్సు తెండి. అసలు కాగితం అమ్మ దగ్గరే ఉండనివ్వండి.